శ్రుతి రెండు మెట్లు దించండి

డిసెంబరు వచ్చిందంటే నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో చర్చి దీపాలు రాత్రి పది దాకా ఆరవు. పొద్దంతా పత్తి తీసి వచ్చిన ఆడవాళ్లు ఇంత తిని, చంటిపిల్లను చంకనేసుకుని క్యారల్స్ ప్రాక్టీసుకు వస్తారు. బయట చలిమంట దగ్గర ఎవరో డప్పు కాస్తుంటారు. ఇంటింటికీ తిరిగే రాత్రుల కన్నా ఈ నేర్చుకునే రాత్రులే నాకెక్కువ ఇష్టం.

ఈమధ్య అలాంటి ఒక ప్రాక్టీసులో కూర్చున్నాను. కుర్రాళ్లు యూట్యూబులోంచి దించుకున్న ట్రాక్ పెట్టారు. పల్లవి అందరూ పాడారు. చరణం పైకి లేచేసరికి ముగ్గురే మిగిలారు. వెనక చాప మీదున్న ఒక అవ్వ, "ఇంత ఎత్తు పెడితే మా గొంతు యాడ లేస్తాది నాయనా?" అంది. ఆ ట్రాక్ స్టూడియోలో పాడిన గాయని గొంతుకు కుదిర్చింది. పత్తి చేలో దుమ్ము పీల్చి వచ్చిన గొంతుకు కాదు. ట్రాక్ ఆపేసి, కీబోర్డులో శ్రుతి రెండు మెట్లు దించి మొదలుపెట్టండి. అప్పుడు వెనక వరుస కూడా పాడుతుంది.

ఇంకో మాట. ఆ అవ్వకు చదువు రాదు, కానీ పాత క్రిస్మస్ కీర్తనలు చరణాలతో సహా నోటికి వచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి, పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివారు క్రీస్తు కథను మన రాగాల్లో కట్టి ఇచ్చారు. వాటిలో చాలావాటికి డోలక్, కంజీర, తాళాలు చాలు. ఏటా కొత్త పాటలు నేర్చుకోవాల్సిందే, కాదనను. వాటితోపాటు రెండు కీర్తనలైనా అవ్వల దగ్గర కూర్చుని నేర్చుకోవాలని నా పట్టు. పుస్తకంలో రాగం పేరే ఉంటుంది, ఆ ఊరి వరస వాళ్ల గొంతులోనే ఉంది.

ట్రాక్ లేకపోతే పాట నిలుస్తుందా అని సందేహం అక్కర్లేదు. 1818 డిసెంబరు 24 రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో 'సైలెంట్ నైట్' మొదటిసారి వినిపించినప్పుడు ప్రధానంగా ఉన్నవి ఒక గిటారు, రెండు గొంతులు. ఒకరు సహాయ గురువు యోసెఫ్ మోర్, ఇంకొకరు బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్.

మొన్న ఆ కుర్రాళ్లు నా మాట విన్నారు. ట్రాక్ ఆపి, అవ్వను ముందుకు పిలిచి కూర్చోబెట్టారు. ఆమె కళ్లు మూసుకుని ఎత్తుకున్న శ్రుతికి డోలక్ పిల్లవాడు రెండుసార్లు తడబడి, మూడోసారి అందుకున్నాడు. చంకలో పిల్లతో ఉన్నామె కూడా గొంతు కలిపింది.