కమీషన్ లెక్క ఎవరి చేతిలో ఉంది?

"లెక్క మేం వేయలేదమ్మా, కంప్యూటర్ వేసింది."

ఈ మాట ఈ మధ్య ఎన్నిసార్లు విన్నామో! ఇంటింటికీ తిరిగి సబ్బులూ క్రీములూ అమ్మే స్త్రీలు, నీళ్ళ ఫిల్టర్లు చూపించేవాళ్ళు, వంటసామాన్లు వాయిదాల మీద ఇప్పించేవాళ్ళు నెలాఖరున చేతికొచ్చిన డబ్బు ఎందుకు తక్కువైందని అడిగితే అన్ని ఆఫీసుల్లోనూ దొరికే జవాబు ఇదే. కంప్యూటర్ అనేసరికి అడిగే మనిషి నోరు మూతపడుతుంది. అక్కడ తనకు అందని శాస్త్రమేదో ఉందనుకుంటుంది. శాస్త్రం లేదు, పాడూ లేదు. ఎవరో ఒక మనిషి కూర్చుని ఎక్సెల్ షీటులో ఒక గడిలో రాసిన ఒక వాక్యం ఉంది. దాన్ని ఎవరికి అనుకూలంగా రాశారన్నదే ప్రశ్న.

మా సంఘం ఆఫీసుకు కిందటేడు ఒకామె వచ్చింది. చేతిలో పిల్లల నోటుబుక్కు. అందులో ఆ నెలలో అమ్మిన ప్రతి వస్తువూ, కొన్న మనిషి ఇంటి గుర్తూ, వచ్చిన డబ్బూ వరుసగా రాసి ఉన్నాయి. మొత్తం 52,000 రూపాయలు. కంపెనీ ఇచ్చిన అచ్చు కాగితం మీద ఉన్నది మూడే మూడు ముక్కలు: 20,000 వరకు 5 శాతం, ఆపైన 50,000 వరకు 8 శాతం, 50,000 పైన 12 శాతం. ఆమె 12 శాతం చొప్పున లెక్క కట్టుకుంది. 6,240 రావాలి. వచ్చింది 3,640.

"అక్కా, మీటింగులో మైకులో చెప్పారు, యాభై దాటితే పన్నెండు శాతమని. నాకు లెక్క రాదనుకున్నారా, నిజంగానే నాకు లెక్క రాదా?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. సిగ్గుపడవలసిన సంగతే. అక్కడున్న నలుగురిలో ఇద్దరం డిగ్రీలు చదివినవాళ్ళం. సాయంత్రం దాకా కూర్చున్నాక తెలిసిందేమంటే, ఆ కాగితాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఒకటి, 50,000 దాటితే మొదటి రూపాయి నుంచీ 12 శాతం. ఇది ఆమె చదివిన తీరు, మైకులో వినిపించిన తీరు కూడా. రెండోది మెట్టు మెట్టుగా. మొదటి 20,000 మీద 5 శాతం అంటే 1,000. తర్వాతి 30,000 మీద 8 శాతం అంటే 2,400. మిగిలిన 2,000 మీద మాత్రమే 12 శాతం, 240. మొత్తం 3,640. కంపెనీ చేసింది ఇదే.

అంతటితో అయిపోలేదు. మాకు తెలిసిన ఒక అమ్మాయి అకౌంట్స్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆమె నవ్వి ఇంకో రెండు జవాబులు చూపించింది. ఎక్సెల్‌లో 'ఇఫ్' అని ఒక మాట ఉంది. ఇలా అయితే ఇంత, కాకపోతే అంత అని చెప్పడానికి వాడతారు. అందులో ముందుగా "20,000 దాటిందా?" అని అడిగితే 52,000 కూడా దాటినట్టే కాబట్టి 8 శాతం వేసి అక్కడితో ఆగిపోతుంది. "50,000 దాటిందా?" అన్న ప్రశ్న దాకా పోనే పోదు. అప్పుడు 4,160 వస్తుంది. ప్రశ్నల వరుస మారితే పైమెట్టు కాగితం మీదే మిగిలిపోతుంది, ఎవరికీ దక్కదు. ఇక నాలుగోది. అమ్మకం అంటే కొన్నావిడ ఇచ్చిన డబ్బా, అందులోంచి జిఎస్‌టి తీసేసిన డబ్బా? 18 శాతం పన్ను ఉన్న సరుకైతే 52,000లో అసలు ధర 44,068 మాత్రమే. మెట్టు మెట్టుగా కడితే 2,925 మిగులుతుంది.

ఒకే మనిషి, ఒకే నెల, ఒకే చెప్పుల జత అరుగుదల. జవాబులు నాలుగు. 6,240, 4,160, 3,640, 2,925. నాలుగూ కంప్యూటర్ వేసిన లెక్కలే! కంప్యూటర్ కూడికలో తప్పు చేయదు, నిజమే. ఏం కూడమన్నారన్నది మాత్రం మనుషులే చెప్పాలి.

కంపెనీ తరఫున మాట్లాడేవాళ్ళు ఒక వాదన తెస్తారు. మెట్ల లెక్క అన్యాయం కాదు, ఆదాయపు పన్ను కూడా అలాగే కదా అని. ఒప్పుకుంటాం. మెట్ల లెక్క దానంతటది తప్పు కాదు. కానీ పన్ను మెట్లు చట్టంలో రాసి ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు. ఈ కాగితంలో ఆ ఒక్క వాక్యం ఎందుకు లేదు? రెండు అర్థాలు వచ్చేలా రాసి, మైకులో పెద్ద అర్థం చెప్పి, జీతం కవరులో చిన్న అర్థం పెట్టడం అనుకోకుండా జరిగిందంటే నమ్మాలా? ఒప్పందంలో మాట రెండు రకాలుగా ఉంటే రాసినవాళ్ళకు వ్యతిరేకంగానే అర్థం చెప్పుకోవాలన్న సూత్రం కోర్టులకు కొత్తది కాదు. మన స్త్రీలు కోర్టు దాకా పోలేరన్న ధీమా మీదే ఈ కాగితాలు అచ్చవుతున్నాయి.

అసలు సంగతి మరుసటి నెలలో బయటపడింది. పెళ్ళికని తీసుకున్న కుటుంబం ఒకటి 10,000 సరుకు తిప్పి పంపింది. మెట్ల లెక్కే న్యాయమైతే, 52,000 కాస్తా 42,000 అయింది కాబట్టి కమీషన్ 3,640 నుంచి 2,760కి తగ్గాలి. అంటే పట్టుకోవలసింది 880. వాళ్ళు పట్టుకున్నది 1,200. పదివేల మీద 12 శాతం! ఇచ్చేటప్పుడు కింది మెట్టు నుంచి ఎక్కుతూ వచ్చినవాళ్ళు, పట్టుకునేటప్పుడు పైమెట్టు మీద కూర్చుని మొత్తం లాగేశారు. 320 రూపాయలే కదా అంటారేమో. ఆ 320 కోసం ఆమె ఎన్ని గడపలెక్కిందో ఆ నోటుబుక్కులో రాసే ఉంది.

మొత్తం మీద పెద్ద శాతం ఇచ్చే కంపెనీలు మరి మంచివా? అక్కడ మరో రకం ఉచ్చు. 49,900 అమ్మితే 8 శాతం చొప్పున 3,992. ఇంకో వంద అమ్మి 50,000 చేస్తే 6,000. వంద రూపాయల సరుకు తేడాకు 2,008 రూపాయలు. తెలంగాణలో ఉన్న పాఠకులకు ఈ గోడ కొత్తది కాదు. 2024లో మొదలైన గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, అది దాటితే మొత్తం కట్టాలి. నెలాఖరున మీటరు వంక చూసి ఫ్యాన్ ఆపిన ఇల్లాళ్ళకు ఈ భయం తెలుసు. కమీషన్ ఆడవాళ్ళది తలకిందుల భయం. గీత దాటడానికి నెల చివరి రెండు రోజుల్లో తామే సరుకు కొంటారు. 46,000 దగ్గర ఆగిపోయిన మనిషి అప్పు తెచ్చి 4,000 సరుకు తన పేరునే కొంటే కమీషన్ 2,320 పెరుగుతుంది. మిగతా 1,680 ఎవరు పెట్టుకున్నట్టు? సరుకు మంచం కింద ఉంటుంది. వడ్డీ వచ్చే నెల తలుపు తడుతుంది. కంపెనీకి మాత్రం అమ్మకం అయినట్టే. ఇక గీత మీదే నిలబడ్డవాళ్ళ గతి చూడండి. సరిగ్గా 50,000 అమ్మితే "50,000 అయినా" అని రాశారా, "50,000 దాటితేనే" అని రాశారా అన్నదాన్ని బట్టి 6,000 రావొచ్చు, 4,000 రావొచ్చు. ఎక్సెల్‌లో అది ఒక్క గుర్తు తేడా.

(గొలుసు కంపెనీల సంగతి వేరే రాయాలి. మనుషులను చేర్పించినందుకు కమీషన్ ఇచ్చే పథకాలు 1978 నాటి చట్టం కిందికి వస్తాయని 2007లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే కేసులో చెప్పింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలనూ, చేరడానికి డబ్బు వసూలు చేయడాన్నీ నిషేధించాయి. కానీ అవి వినియోగదారుల చట్టం కింద వచ్చినవి. కొనేవాళ్ళ మీద ఉన్నంత చూపు అమ్మే స్త్రీ కవరు మీద లేదు.)

ఇదంతా చెప్పినప్పుడు మన మిత్రులే కొందరు విసుక్కున్నారు. "శాతాల లెక్క మనకెందుకు? కమీషన్ పద్ధతే దోపిడీ. జీతం అడగాలి, ప్రావిడెంట్ ఫండ్ అడగాలి, ఉద్యోగులుగా గుర్తించమనాలి. ఫార్ములా సరిచేయమనడమంటే ఆ పద్ధతిని ఒప్పుకోవడమే" అని. ఈ మాటలో సగం నిజముంది. రోజంతా ఎండలో తిరిగి ఏమీ అమ్ముడుపోని నాడు ఆ శ్రమకు విలువ సున్నా అనే పద్ధతి మనకు ఆమోదం కాదు. కానీ మిగతా సగం? జీతం వచ్చేదాకా ఆమె పిల్లల ఫీజు ఎవరు కడతారు? వ్యవసాయ కూలి రేటు కోసం పోరాడినవాళ్ళెవరినీ భూమి పంచేదాకా ఆగమని మనం చెప్పలేదే! 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ వాళ్ళు 'సేవా' సంఘాన్ని రిజిస్టరు చేయబోతే, యజమాని లేనివాళ్ళకు యూనియన్ ఏమిటని కార్మిక శాఖ అభ్యంతరం చెప్పింది. వాళ్ళు ఆ వాదన తేలేదాకా పని ఆపుకోలేదు. రిజిస్టరు చేయించుకునే తీరారు.

పైగా లెక్క చూపించమనడం చిన్న కోరిక కాదు. "నువ్వు స్వతంత్రురాలివి, నీకు నువ్వే యజమానివి" అని ఆమెకు చెబుతారు. యజమానికి తన లాభం ఎలా లెక్కించారో చూసే హక్కు ఉండదా? చూపించకపోతే ఆమె యజమాని కాదు, పనిమనిషి. పనిమనిషైతే చట్టాలు వర్తించాలి. రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోక తప్పదు. అందుకే షీటు దాస్తున్నారు.

మన స్వచ్ఛంద సంస్థలు ఏం చేస్తున్నాయి? ఇరవై రోజుల కుట్టు శిక్షణ, మార్కెటింగ్ శిక్షణ, "చిరునవ్వుతో మాట్లాడటం ఎలా" అన్న శిక్షణ. చిరునవ్వు మన స్త్రీలకు నేర్పాలా! కమీషన్ లెక్క మీద అరపూట కూడా లేదు. తపాలా ఆఫీసు ఆర్‌డీలు కట్టించే మహిళా ప్రధాన్ ఏజెంట్లను చూడండి. 1972 నుంచి ఉన్న పథకం. 2011లో ఇతర చిన్న పొదుపు ఏజెంట్ల కమీషన్లు తగ్గించినప్పుడు కూడా వీళ్ళ 4 శాతాన్ని అలాగే ఉంచారు. తన కమీషనెంతో నోటిమీద చెప్పలేని ఏజెంటు అక్కడ కనబడదు. నాలుగంటే నాలుగే, మెట్లు లేవు కాబట్టి. లెక్క ఆడవాళ్ళకు రాదన్నది కట్టుకథ. రాకుండా ఉండేలా లెక్కను తయారుచేస్తారు.

నిజానికి మెట్ల లెక్కకు కంప్యూటరే అక్కర్లేదు. ఆ అకౌంట్స్ అమ్మాయి చూపించిన కిటుకు ఇది. మొత్తం అమ్మకం మీద 5 శాతం కట్టండి. 20,000 పైన ఎంత ఉంటే దాని మీద ఇంకో 3 శాతం కలపండి, ఎందుకంటే 5 నుంచి 8కి పెరిగింది మూడే. 50,000 పైన ఉన్నదాని మీద ఇంకో 4 శాతం. 52,000కు 2,600, 960, 80. కలిపితే అదే 3,640. ఎక్సెల్‌లో అయితే అమ్మకంలోంచి 20,000 తీసేసినప్పుడు మైనస్ రాకుండా 'మ్యాక్స్' అనే మాట వాడి సున్నా దగ్గర ఆపాలి. అంతే. మా ఆఫీసులో నేర్చుకున్న పదకొండు మందిలో ఐదుగురు ఏడో తరగతి దాటనివాళ్ళు. ఒక పూటలో వచ్చేసింది. 1991 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత పాఠాల్లోంచి సారా మీద పోరు లేచినప్పుడు, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చినప్పుడు, చదువంటే ఏమిటో మనకు కొత్తగా అర్థమైంది. ఇప్పుడు ఆ చదువులోకి ఈ గడుల షీటును కూడా తెచ్చుకోవాలి.

ఆఫీసుకు పదకొండు మందీ కలిసి వెళ్ళారు. మేనేజరు ముందు "మేడం, ఇది హెడ్డాఫీసు విషయం" అన్నాడు. తర్వాత టీ తెప్పించాడు. షీటు మాత్రం తెరవలేదు. వాళ్ళు అడిగినవి ఎక్కువేమీ కాదు. మెట్ల లెక్కో మొత్తం లెక్కో కాగితం మీద తెలుగులో, ఒక ఉదాహరణతో సహా రాయాలి. అమ్మకమంటే పన్నుతోనా, పన్ను లేకుండానా చెప్పాలి. ఏ లెక్కన ఇచ్చారో తిరుగు సరుకుకు అదే లెక్కన పట్టుకోవాలి. టిడిఎస్ పట్టుకుంటే ఆ సర్టిఫికెట్ ఇవ్వాలి. నెలాఖరున సొంత పేరున కొనమని ఫోన్లు చేయడం మానాలి.

నోటుబుక్కు ఆవిడకు తిరుగు సరుకు తాలూకు 320 మాత్రం పై నెల కవరులో వచ్చింది, ఏ వివరణా లేకుండా. 2,600 సంగతి ఇంకా తేలలేదు. మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. రెండోది పదకొండు సంతకాలతో, లెక్క మొత్తం జతచేసి, రిజిస్టరు పోస్టులో పంపారు.