కన్నడ గొత్తిల్ల!

బెంగళూరు వచ్చి నాలుగేళ్లు. నాకు తడుముకోకుండా వచ్చే కన్నడ ముక్క ఒక్కటే: 'కన్నడ గొత్తిల్ల'. మొన్న మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య ఆసుపత్రి కాగితం పట్టుకొచ్చి ఏదో అడిగింది. అలవాటుగా ఆ ముక్కే అనేసి లిఫ్ట్ ఎక్కేశా. పైకెళ్లాక వెలిగింది. కాగితం ఇంగ్లిష్‌లో ఉంది, చదివిపెట్టమనే అడిగి ఉంటుంది.

ఆ సిగ్గుతోనే ఈ వారం జాన్ న్యూమన్ గురించి చెబుతున్నా.

ఈయన 1811లో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో పుట్టారు. ఫాదర్ కావాలని చదువు పూర్తిచేశారు. తీరా చూస్తే అక్కడ అప్పటికే ఫాదర్లు ఎక్కువైపోయారట, కొత్తవాళ్లను ఆపేశారు. పట్టా పట్టుకుని ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూసినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు కదా! 1836లో ఓడెక్కి న్యూయార్క్ చేరారు. అక్కడ ఫాదర్లకు కరువు. దిగిన నెలలోపే అభిషేకం చేసి, నయాగరా వైపు స్థిరపడుతున్న జర్మన్ వలసదారుల దగ్గరికి పంపేశారు.

1852లో ఫిలడెల్ఫియా బిషప్ అయ్యారు. వలస వచ్చిన క్యాథలిక్కుల మీద కోపంతో 1844లో అల్లరిమూకలు చర్చిలు తగలబెట్టిన ఊరది. బంగాళాదుంపల కరువుకి ఐర్లండ్ వదిలి వచ్చినవాళ్లూ అక్కడ బోలెడుమంది. వాళ్లలో కొందరు ముసలమ్మలకు ఇంగ్లిష్ రాదు. చేసిన తప్పులు ఫాదర్ చెవిలో చెప్పుకోవాలంటే పక్కన దుబాసీని పెట్టుకోలేరుగా! అప్పటికే చెక్, జర్మన్‌తో పాటు చాలా భాషలొచ్చిన బిషప్ వాళ్ల కోసం ఐరిష్ కూడా నేర్చుకున్నారు. ఒకావిడైతే 'మన ఐర్లండ్ బిషపే వచ్చాడు' అని మురిసిపోయిందని చెప్పుకుంటారు.

ఊళ్లో అందరికీ ఆయన నచ్చలేదు. ఆ యాస, ఆ సాదాతనం పదవికి తగవన్నారు. చిన్న చోటుకి మార్చమని ఆయనే రోమ్‌ని అడిగారు. రోమ్ మార్చలేదు, 1857లో ఒక సహాయ బిషప్‌ని ఇచ్చింది. ఈలోగా ఆయన చర్చి బడులన్నిటినీ ఒక వ్యవస్థ కిందికి తెచ్చారు. 1860 జనవరి 5న వీధిలో నడుస్తూ కుప్పకూలిపోయారు. అప్పటికి 48 ఏళ్లే. 1977లో పునీతుడిగా ప్రకటించారు.

నాకు పట్టుకున్నది ఆ ఐరిష్ సంగతే. ఇంగ్లిష్ ఆయన ఉద్యోగానికి అవసరం. ఐరిష్‌తో పదవీ రాదు, పరపతీ రాదు. అది కేవలం ఎదుటి మనిషి అవసరం. మనం పైథాన్ నేర్చుకుంటాం, జావా నేర్చుకుంటాం. ఎవరి కోసం?

మర్నాడు కిందికెళ్లి, యాప్‌లో చూసి బట్టీపట్టిన 'హేళి అక్కా' అన్నాను. ఆవిడ నవ్వింది. కాగితం ముందురోజే మెడికల్ షాపు కుర్రాడు చదివిపెట్టాడట. ఆ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి మూడుసార్లు చెప్పించుకున్నాను.