బరిలో తేలవలసిన లెక్క

సమరానికి ముందే వీరుల తారతమ్యాన్ని నిర్ణయించడం మన వాఙ్మయానికి కొత్త కాదు. భారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు అడుగగా భీష్ముడు ఇరుపక్షాల యోధులను రథులని, అతిరథులని వరుసగా లెక్కిస్తాడు. ఆ లెక్కలో కర్ణుణ్ణి అర్ధరథుడన్నాడు. ఆ అవమానాన్ని సహింపలేక, భీష్ముడు జీవించి ఉండగా తాను యుద్ధం చేయనని కర్ణుడు ప్రతినబూనాడు. పదిరోజులపాటు కౌరవసేనకు ఒక మహావీరుని అండ లేకపోయింది.

వీరులను లెక్కించే ఆ పని నేడు క్రీడారంగంలో సాగుతున్నది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ ఆరంభమైన నాటినుండి, కొత్త సీజన్ వస్తున్నదంటే చాలు, అగ్రశ్రేణి ఆటగాళ్లు ఎవరనే చర్చ మొదలవుతుంది. వేలంలో పలికిన ధరే అందుకు కొలబద్ద అవుతున్నది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల యువకులకు ఇది కేవలం కాలక్షేపం కాదు. కోతలైన పొలాల్లో చెడుగుడు ఆడుతూ పెరిగిన పల్లెలివి. సంక్రాంతి పోటీలలో కూతకు వెళ్లే కుర్రవాడు తనను తాను ఆ తారల వరుసతో పోల్చుకుంటాడు. కనుక ఆ కొలత ఎంతవరకు సరైనదో విచారించాలి.

ఈ వరుసలో అగ్రతాంబూలం తరచుగా రైడర్‌కే దక్కుతుంది. అతని ప్రతాపం అంకెలలో కనబడుతుంది. పట్టు పట్టేవారి శ్రమ అట్లా కనబడదు. మూలన నిలిచినవాడు కాలు పట్టుకుంటాడు. పక్కవాడు నడుము పడతాడు. మరొకడు గీతవైపు దారి మూసివేస్తాడు. పాయింటు మాత్రం సాధారణంగా ఒక్కని పేరనే చేరుతుంది. జట్టు ఆధిక్యంలో ఉన్నప్పుడు ముప్పై సెకన్లు కూతపట్టి, ఎవరికీ చిక్కకుండా తిరిగి వచ్చినవాని ఖాతాలో సున్నాయే మిగులుతుంది. ఆ సున్నా విలువ గెలిచిన జట్టుకు తెలుసు.

2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను రెండుకోట్ల అరవై లక్షల రూపాయలకు పైగా వెచ్చించి తీసుకున్నది. అతడు ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు సాధించాడు. అయినా జట్టు 22 మ్యాచ్‌లలో రెండింట మాత్రమే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. 2025లో, పవన్ మరొక జట్టులో ఉండగా, విజయ్ మాలిక్ నాయకత్వంలో అదే టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది. ఇందులో పవన్ ప్రతిభకు వచ్చిన లోటేమీ లేదు. ఒక్కని బలం ఏడుగురి బలానికి ప్రత్యామ్నాయం కాదన్నదే ఇందలి సత్యం.

అగ్రస్థానం శాశ్వతమూ కాదు. 2017లో ఒకే సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు సాధించిన పర్దీప్ నర్వాల్‌ను 2025 వేలంలో ఏ జట్టూ కొనలేదు. అతడు ఆటనుండి విరమించుకున్నాడు. అతని రికార్డులు మాత్రం అతని పేరనే ఉన్నాయి.

అట్లయితే ఆటగాళ్ల మధ్య తారతమ్య వివేచన అనవసరమా? కాదు. ఎవరిని ఎన్నుకోవాలో నిర్ణయించేవారికి అది తప్పదు. కాని ఎన్ని పాయింట్లు తెచ్చాడన్నది ఒక్కటే చూడరాదు. ఏ దశలో తెచ్చాడు? తోడివాని పట్టు సడలినప్పుడు ఆదుకున్నాడా? రెండు రైడ్‌లు వృథా అయ్యాక, మూడవది తప్పనిసరిగా ఫలించవలసిన వేళ వెనుకాడక వెళ్లాడా? వీటినీ లెక్కలో చేర్చాలి. కబడ్డీలో ప్రత్యర్థిని ఔట్ చేస్తే, బయట కూర్చున్న తనవాడొకడు తిరిగి బరిలోకి వస్తాడు. తోటివానికి ప్రాణం పోసే ఆటలో సహకారమే ప్రథమ గుణం కావాలి.

ర్యాంకుల నడుమ చదువుకొంటున్న విద్యార్థులకు ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. ర్యాంకు ఒకనాటి కొలత మాత్రమే. భీష్ముని మాట కటువైనదే కావచ్చు. కాని ఆ పదిరోజులు యుద్ధరంగానికి దూరమైనది కర్ణుడే. ఇతరులు వేసిన లెక్క తప్పని నిరూపించడానికి బరిలోనే నిలవాలి.