అబద్ధం చెప్పే ముల్లు

వానాకాలం వస్తే భద్రాచలంలో ఎవరు ఎదురుపడినా అడిగేది ఒకటే: గోదారి ఎన్ని అడుగులుంది? 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. ఆ రోజుల్లో జనం గంట గంటకూ ఆ అంకె విని, దాన్ని బట్టే సామాను సర్దుకున్నారు, పశువులను విప్పి మెరకకు తోలారు. ఆ కొలతను శంకించిన వారు లేరు. మొదటి హెచ్చరికకూ మూడోదానికీ మధ్య పది అడుగుల ఎడం ఉంది. ప్రాణాలతో బయటపడటానికి మనిషికి దొరికే వ్యవధి ఆ పది అడుగులే.

అదే ఊరి మనిషి పొద్దుగూకాక ట్రాక్టరెక్కుతాడు. వెనక లోడుతో ట్రాలీ ఉంటుంది. చింతూరు వైపో చర్ల వైపో అడవి దారి పడతాడు. ఎదురుగా ఉన్న డీజిల్ ముల్లు సగం చూపిస్తుంటుంది. అది నిజం కాదని అతనికి తెలుసు. ఎంత అబద్ధమో మాత్రం తెలియదు. ప్రమాదమంతా ఆ తెలియని కాస్తలోనే ఉంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి దాటేవరకు దారి పొడవునా ఊళ్లున్నాయి, బంకులున్నాయి. దాటాక కథ మారుతుంది. జాతీయ రహదారి 30 చింతూరు, కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. చింతూరు దగ్గర చీలిన దారి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంది. ఇటు దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం దారి గోదావరిని ఆనుకొని అడవి అంచున సాగుతుంది. బంకుకీ బంకుకీ మధ్య దూరం పెరుగుతుంది, ఫోన్ సిగ్నల్ పోతుంది, చీకటి పడితే పలకరించే మనిషి ఉండడు. ఈ దారుల్లోనే సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర వస్తుంది. తునికాకు మూటలు, ఇసుక, ధాన్యం పోతాయి. మిర్చి కోతల కాలంలో సరిహద్దు ఆవలి నుంచి కూలీలు ఆడామగా, చంటిపిల్లలతో సహా ట్రాలీల్లో కూర్చొని వస్తారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల గురించే.

ముల్లు ఎందుకు తప్పు చెబుతుందో ముందు తెలుసుకోవాలి. టాంకీలో ఒక బెండు తేలుతూ ఉంటుంది. దానికో సన్నటి కమ్మి. డీజిల్ తగ్గేకొద్దీ బెండు దిగుతుంది, కమ్మి ఒక పట్టీని రాసుకుంటూ జరుగుతుంది, అందులో పారే కరెంటు మారి ముల్లు కదులుతుంది. ఇంతకు మించి అందులో గొప్ప యంత్రమేమీ లేదు. గతుకుల్లో ఏళ్ల తరబడి అదిరీ అదిరీ ఆ పట్టీ అరుగుతుంది. టాంకీ అడుగున చేరిన మడ్డికీ తడికీ కమ్మి బిగుసుకుపోతుంది. బెండుకు చిల్లు పడితే మునుగుతుంది. ఎర్తు తీగ తుప్పు పడితే ముల్లు ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది. ఇంకొకటి, టాంకీ చాలా బండ్లలో సమంగా ఉండే డబ్బా కాదు. పైన వెడల్పు, కింద ఇరుకు ఉన్నచోట మొదటి సగంతో పోయినంత దూరం రెండో సగంతో పోలేం. ముల్లు సగంలో ఉందంటే డీజిల్ సగం ఉందని అర్థం కాదు.

ముల్లు అసలు పనిచేయని బండి ఒక రకంగా నయం. దాని డ్రైవరు మూత తీసి పుల్ల పెట్టి చూసుకుంటాడు. ఖాళీ టాంకీని సగంగా చూపే ముల్లు డ్రైవరు చేతిలోంచి ఆ పుల్లను తీసేస్తుంది.

వెనక బరువు తగిలిస్తే ఈ అబద్ధం ఇంకా పెరుగుతుంది. ట్రాలీ బరువు కొక్కెం మీద పడినప్పుడు ముందు భాగం కొద్దిగా లేస్తుంది, టాంకీలో డీజిల్ వెనక్కి ఒరుగుతుంది. బెండు ఎటు వైపు ఉందన్న దాన్ని బట్టి ముల్లు పైకో కిందికో పోతుంది. ఘాట్ ఎక్కుతుంటే ఇది మరీ ఎక్కువ. కొన్ని లీటర్లు మిగిలి ఉన్నా, పీల్చే గొట్టం దగ్గర డీజిల్ లేక గాలి లోపలికి పోయి ఇంజన్ ఆగిపోవచ్చు. అంటే ముల్లు నిజం చెప్పిన రోజున కూడా ఎక్కుడులో బండి నిలబడవచ్చు. ఇక ఖర్చు సంగతి. ఖాళీగా పోయేటప్పటి మైలేజీ లోడు లాగేటప్పుడు పనికిరాదు. చిన్న గేర్లలో మూలుగుతూ పోయే బండికి మైలేజీ సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. "మొన్న ఇంతే ఆయిల్‌తో పోయొచ్చాం కదా" అనే మాట చాలామందిని అడవిలో నిలబెట్టింది.

పెట్రోలు బండి ఆగితే సీసాడు పోసుకొని కదలొచ్చు. డీజిల్ బండి చాలాసార్లు అలా కదలదు. లైనులోకి గాలి చేరుతుంది. పానా పెట్టి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా డీజిల్ వదలాలి. తెలిసినవాడికి పగలు పది నిమిషాల పని. చీకట్లో, వానలో, రోడ్డు మధ్యన, సెల్‌ఫోన్ వెలుగులో చేయడం వేరు. పైగా అడుగంటిన టాంకీలోంచి మడ్డి పీల్చుకొని ఫిల్టరు మూసుకుపోతే, డీజిల్ తెచ్చి పోసినా లాభం లేదు.

బండి ఎక్కడ ఆగుతుందన్నది ఇంకా పెద్ద మాట. చాలా ట్రాలీలకు తమవైన బ్రేకులు లేవు. ఎక్కుడులో ఇంజన్ ఆగితే అన్ని టన్నుల బరువు ట్రాక్టరును వెనక్కి లాగుతుంది, ట్రాలీ అడ్డం తిరుగుతుంది. దిగుడులో ఆగితే వెనక నుంచి నెడుతుంది. కార్లు, జీపుల వంటి బండ్లలో ఇంజన్ ఆగాక బ్రేకు ఒకటి రెండు సార్లు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. ఆయిల్ తక్కువైందని తెలిసిన డ్రైవరు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేయడమో, ఇంజన్ ఆపేయడమో మనం చూస్తూనే ఉన్నాం. నాలుగు రూపాయల డీజిల్ మిగులుతుందని ఇంజన్ పట్టును, బ్రేకు పట్టును ఒక్కసారే వదులుకోవడమది. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు.

ఆగిన బండి మరొకరికి మృత్యువవుతుంది. ట్రాలీ వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టరు మట్టి పట్టి ఉంటుంది, జామాయిల్ కర్ర కొసలు బయటికి పొడుచుకొని ఉంటాయి. మలుపు తిరిగిన మోటారుసైకిల్ వాడికి అది కనిపించే సరికి చేయగలిగింది ఏమీ మిగలదు. మన దారుల్లో ఆగిన బండి వెనక పచ్చి కొమ్మలు విరిచి వేయడం పాత అలవాటు, మంచి అలవాటు. చక్రాల కింద పెట్టిన రాళ్లను మాత్రం బండి కదిలాక అక్కడే వదిలేసి పోతున్నారు. ఆ రాయి మీద పడి చనిపోయే మనిషికీ డీజిల్ ముల్లుకూ ఉన్న సంబంధం ఏ పంచనామాలోనూ కనిపించదు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద వదలడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కింద నేరం. ఆయిల్ అయిపోయిందన్నది దానికి సమాధానం కాదు.

నిలిచిన బండిని మరో బండికి తాడుతో కట్టి లాక్కుపోవడం తర్వాతి ఘట్టం. రెండింటి మధ్య ఐదు మీటర్లకు మించి ఎడం ఉండకూడదనీ, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదనీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ వేగంతో భద్రాచలం నుంచి చింతూరుకు రెండున్నర గంటలకు తక్కువ పట్టదు. అంతసేపూ చిన్న గేర్లలో లాగే బండి ఎంత తాగుతుందో బయల్దేరే ముందు లెక్క వేసేవారు అరుదు. సాయానికి వచ్చిన బండి కూడా దారిలో ఆగితే, ఒకటి నిలిచిన చోట రెండు నిలుస్తాయి. వెనక బండిలో కూర్చున్న వాడి చేతిలో బరువెక్కిన స్టీరింగు, సరిగా పడని బ్రేకు తప్ప ఏమీ ఉండవు. తాళంచెవి తీసేస్తే కొన్ని బండ్లలో స్టీరింగే బిగుసుకుంటుంది. లాగుతున్నంతసేపూ తాళంచెవి ఆన్‌లోనే ఉండాలన్న చిన్న విషయం కూడా చాలామందికి చెప్పేవారు లేరు.

తప్పుడు మీటరును నమ్మడం చదువు లేనివాళ్ల పొరపాటని ఎవరైనా అనుకుంటే, 2005 ఆగస్టు 6న మధ్యధరా సముద్రంలో జరిగింది గుర్తు చేయాలి. ఇటలీలోని బారి నుంచి ట్యునీషియాలోని జెర్బాకు బయల్దేరిన ట్యునింటర్ విమానం ఏటీఆర్ 72 రకానిది. ముందురోజు దానికి బిగించిన ఇంధన మీటరు మాత్రం ఏటీఆర్ 42ది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట మరొకటి ఇముడుతుంది. టాంకీలు ఖాళీ అవుతున్నా ఇంధనం చాలినంత ఉందని ఆ మీటరు చూపించింది. రెండు ఇంజన్లూ ఆగిపోయి విమానం సిసిలీ తీరాన పలెర్మో దగ్గర నీళ్లలో పడింది. 39 మందిలో 16 మంది చనిపోయారు. పాత సామాన్ల దుకాణంలో ఏదో కంపెనీ మీటరు కొని, ఇమిడింది కాబట్టి సరిపోయిందనుకొనే మన అలవాటుకూ ఆ విమానానికి జరిగినదానికీ తేడా లేదు.

పుల్లతో కొలిచినా లెక్క సరిగా ఉండాలి. 1983 జులై 23న ఎయిర్ కెనడా విమానంలో మీటర్లు పనిచేయక సిబ్బంది కొలపుల్లలతో టాంకీలు చూశారు. కిలోల లెక్క కట్టాల్సిన చోట పౌండ్ల లెక్క కట్టారు. కావలసిన దాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అడుగంటి, ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు ఆగాయి. పైలట్ల నేర్పు వల్ల గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దిగి అందరూ బతికారు. జామాయిల్ లోడుతో ఘాట్ మీదున్న ట్రాక్టరుకు అలా జారుకుంటూ పోయి దిగే చోటు ఉండదు.

ఇంత తెలిసీ ముల్లు ఎందుకు బాగు చేయించరు? ఇక్కడే కఠినమైన నిజం ఉంది. బండి యజమాని డీజిల్‌ను గంటల లెక్కన, ట్రిప్పుల లెక్కన కొలిచి ఇస్తాడు. డ్రైవరు అమ్ముకుంటాడేమోనన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. "ముల్లు సగం చూపిస్తోంది కదరా, ఇంకేం కావాలి?" అంటాడు. "అన్నా, ఆ ముల్లును నమ్మలేం" అని డ్రైవరు అంటే, అతని నిజాయతీ మీద అనుమానం పడుతుంది. అందుకే నోరు మూసుకొని బయల్దేరతాడు. సొంత బండి నడుపుకొనే చిన్న రైతు సంగతి వేరు. లోడు దింపాకే డబ్బు చేతికొస్తుంది. అందాకా ఐదు వందలకో, వెయ్యికో కొట్టిస్తాడు. దీనికి తోడు ఇక్కడ మూడు రాష్ట్రాలు కలుస్తాయి. 2014లో చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాక భద్రాచలం పట్టణం దాటితే చాలు, రాష్ట్రం మారుతుంది. పన్నులు వేరు, రేట్లు వేరు. తక్కువ ఉన్నచోట నింపుకుందామని ఖాళీ టాంకీతో అడవి దాటేవాళ్లను తప్పుపట్టడం తేలికే. మిగిలే ఆ కాస్త డబ్బు వాళ్లకు ఎంత అవసరమో తెలిసినవాళ్లు అలా తేలిగ్గా మాట్లాడలేరు. అయినా ఆ పని ప్రమాదకరమని చెప్పక తప్పదు.

ప్రభుత్వం చేయాల్సింది ఉంది. బంకులో పంపు సరిగా పోస్తోందో లేదో తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేస్తుంది. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో పోసి చూపమని అడిగే హక్కు మనకుంది. అలా కచ్చితంగా కొలిచి పోసిన డీజిల్ బండిలోకి చేరాక, అది ఎంత మిగిలిందో చెప్పే ముల్లును మాత్రం ఎవరూ పట్టించుకోరు. సరుకు బండ్లకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు ఇంధన ముల్లును చూడటం తప్పనిసరి చేయాలి, ట్రాలీ వెనక లైట్లను, రిఫ్లెక్టర్లను కచ్చితంగా చూడాలి. భద్రాచలం దాటే ప్రతి దారి మొదట్లో తర్వాతి బంకు ఎన్ని కిలోమీటర్లలో ఉందో, అది రాత్రి తెరిచి ఉంటుందో లేదో తెలిపే బోర్డు పెట్టాలి. రాష్ట్రం మారినా బోర్డు ఆగకూడదు. గిరిజన సహకార సంస్థ ఇప్పటికే ఏజెన్సీలో బంకులు నడుపుతోంది. దూరం ఎక్కువున్న చోట్ల మరికొన్ని తెరవాలి. లేదంటే ఊరి దుకాణంలో మంచినీళ్ల సీసాల్లో అమ్మే పెట్రోలే జనానికి దిక్కవుతుంది, దానితో ఇళ్లు తగలబడే ప్రమాదం వేరే ఉంది.

ప్రభుత్వం కదిలేలోపు బండి వాళ్లు తమకు తాముగా చేసుకోగలిగింది కూడా ఉంది. ఒక రోజు బండిని చదునైన చోట పెట్టి, టాంకీ దాదాపు ఖాళీ అయ్యాక ఐదేసి లీటర్ల చొప్పున పోస్తూ పోవాలి. పోసిన ప్రతిసారీ వెదురుపుల్ల ముంచి, తడిసిన చోట కత్తితో గాటు పెట్టాలి. ముల్లు ఎక్కడ నిలిచిందో మీటరు అద్దం మీద రంగుతో చుక్క పెట్టాలి. లోడు ట్రాలీ తగిలించాక ముల్లు ఎంత జరిగిందో మళ్లీ చూడాలి. సగం పూట పని. ఆ పుల్ల మీద కూడా గోదావరికి ఉన్నట్టే మూడు గుర్తులుండాలి. మొదటి గుర్తు దగ్గర ఎక్కడ కొట్టించాలో నిర్ణయించుకోవాలి. రెండో గుర్తు దగ్గర కొట్టించాలి. మూడో గుర్తు దగ్గర, ఎంత రాత్రయినా, ఊరు కనిపించిన చోట ఆగిపోవాలి, అడవిలోకి దిగకూడదు.

సంక్రాంతి దాటితే మిర్చి కోతలు ఊపందుకుంటాయి. మనుషుల్ని ట్రాలీలో తీసుకుపోవడమే తప్పు, ఆ తప్పు ఈ ఏడాదీ ఆగేలా లేదు. కనీసం బండి ఆగిన మరుక్షణం, ఇంజన్ సంగతి చూడకముందే, అందరినీ దింపి రోడ్డుకు ఎడంగా చెట్ల వైపు నడిపించండి. నిద్రపోతున్న పిల్లలను ముందు దింపండి.