ఈ నెల మాట: మారుతాళం

తాళం తీసేది తాళంచెవి. దానికి జతగా చేయించుకునేది మారుతాళం.

జెద్దాలో బలద్ అనే పాతపేట ఉంది. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జెద్దాలో కారు నడిపి బతికే తెలుగువాళ్ళున్నారు. వాళ్ళకు తాళంచెవి పోతే ఆ రోజు పని పోయినట్టే.

చాలా కార్ల తాళంచెవిలో చిప్ ఉంటుంది. కారు దాన్ని గుర్తుపడితేనే ఇంజిన్ నడుస్తుంది. కొన్ని పాత ఫోర్డ్ కార్లకు షోరూమ్‌కు వెళ్ళక్కర్లేదు. సరైన చిప్ ఉన్న కొత్త తాళంచెవి చేయించండి. పనిచేసే రెండు తాళంచెవులను ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, మూడేసి సెకన్లు ఆన్‌లో ఉంచి తీయండి. వెంటనే కొత్తదాన్నీ అలాగే తిప్పండి. కారు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

ఒక్కటే మిగిలితే మాత్రం ఇది కుదరదు. రెండూ ఉండగానే మూడోది చేయించుకోండి.

ఈ రోజే ఇంట్లో తెలుగులో అడగండి: “మన మారుతాళం ఎక్కడుంది?”