చరిత్ర పేరుతో చేతివాటం

2010లో ‘ఇప్ మ్యాన్ 2’ వచ్చినప్పుడు సమీక్షకులు పట్టుకున్నవి చిల్లర తప్పులు. తెల్ల విలన్లు కార్టూన్ బొమ్మల్లా ఉన్నారన్నారు. రెండో సగం ‘రాకీ 4’కి నకలన్నారు. రెండూ నిజమే. రింగులో పెద్దాయన ప్రాణం పోవడం, ఆ పగ తీర్చడానికి హీరో బరిలో దిగడం 1985 నాటి పాత సరుకే. కానీ కథ కాజేస్తే సర్దుకోవచ్చు. ఇక్కడ కాజేసింది ఇప్ మ్యాన్ అనే నిజమైన మనిషి బతుకును!

పనితనం లేదని నేననను. బల్ల మీది పోరు చూడండి. చుట్టూ తలకిందులుగా పెట్టిన స్టూళ్లు, మధ్యలో గుండ్రటి బల్ల. అగరొత్తి కాలిపోయేదాకా దాని మీద నిలబడాలి. వచ్చినవాళ్లను వచ్చినట్టే దించేస్తాడు ఇప్ మ్యాన్ వేషంలోని డానీ యెన్. చివరికి భారీకాయంతో సామో హంగ్ ఎక్కుతాడు. ఆ పోరాటాలన్నీ కూర్చిందీ ఆయనే. ఇంత చేతనైనవాళ్లకు అబద్ధంతో ఏం పనన్నదే నా మంట.

నిజం ఏమిటి? ఇప్ మ్యాన్ చైనాలోని ఫోషాన్‌లో, కమ్యూనిస్టుల ప్రత్యర్థి పార్టీ కుమింటాంగ్ హయాంలో పోలీసు ఉద్యోగం చేశాడు. 1949లో కమ్యూనిస్టులు గెలిచాక ఊరు వదిలి హాంకాంగ్ దారి పట్టాడు. అరవైకి దగ్గరపడిన వయసులో, హోటల్ కార్మికుల సంఘంలో వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ విద్య నేర్పి పొట్ట పోసుకున్నాడు. సినిమాలో ఏముంది? మొదటి భాగంలో జపాన్ సేనాధిపతిని చితక్కొట్టి హాంకాంగ్ పారిపోయాడన్నారు. రెండో భాగం ఆ అబద్ధం మీదే ఇంగ్లిష్ బాక్సరును నిలబెట్టింది.

ఈ మార్పు ఎందుకో చెప్పడానికి పాండిత్యం అక్కర్లేదు. చైనాలో ఆడాల్సిన సినిమాలో కమ్యూనిస్టులకు భయపడి ఊరొదిలిన హీరో ఉంటాడా? హాంకాంగ్ ఖాళీ చేసి అప్పటికి పదమూడేళ్లయిన బ్రిటిష్‌వాణ్ని తిడితే మాత్రం ఎవరికీ నొప్పి లేదు. దీన్ని దేశభక్తి అంటారా? లెక్క చూసుకుని చేసిన బేరం ఇది.

పైగా నీతిబోధ ఒకటి! బాక్సరు మొహం పచ్చడయ్యేదాకా గుద్ది, అదే రింగులో నిలబడి మనుషులంతా ఒకరినొకరు గౌరవించుకోవాలని ఉపన్యాసం. తెల్లవాళ్లు లేచి చప్పట్లు. ఆఖర్న, తర్వాత ఇప్ మ్యాన్ శిష్యుడైన బ్రూస్ లీని కూడా బుడతడిగా పట్టుకొచ్చారు, ఆ పేరుకు టికెట్లు తెగుతాయి కనుక.

‘సినిమానే కదా, ఫైట్లు చూసి రా’ అనేవాళ్లకు ఒకటే ప్రశ్న. అలాగైతే గురువుకు ఏదో ఒక కల్పిత పేరు పెట్టుకోలేకపోయారా? ఇప్ మ్యాన్ పేరుకున్న పరపతి కావాలి, ఆయన ఓటమి మాత్రం వద్దు. ఓడిన పక్షాన ఉండి, ఉన్న ఊరు పోగొట్టుకుని, కూలినాలి జనానికి విద్య పంచినవాడి కథలో వీరత్వం లేదని తేల్చేశారు. ఇంతకంటే అవమానం ఏముంటుంది?

ఫైట్లకు ఈల వేయండి, నేనూ వేస్తాను. కానీ చరిత్రలోని మనిషి పేరుతో సినిమా వస్తే, ఎవరికి భయపడి ఏం దాచారో కూడా అడగండి.