పన్ను పీకించుటకు ముందు

పన్ను పుచ్చినంతనే పీకించివేయుట చవుక బేరమని మన సోదరులు పలువురు తలంచుచున్నారు. అది సరికాదని మా అభిప్రాయము. పుచ్చు పైపొరలలోనే యున్నచో దానిని తొలిచి సిమెంటు నింపించిన చాలును. పుచ్చు నరమును చేరి రాత్రులు నిద్ర పట్టనీయనప్పుడు రూట్ కెనాల్ అను వేరు చికిత్స అవసరమగును. పిదప దవడపన్ను విరుగవచ్చును గనుక దానిపై తొడుగు వేయించవలెను. తొడుగు మానుట గోడలు కట్టి కప్పు వేయకుండుటయే. వేరు నిలువునా చీలిన పంటిని పీకించుట సాధారణముగా తప్పదు. పొరుగువా డేమి చేయించుకొనెనని గాక, మన పంటిలో గట్టిభాగ మెంత మిగిలినదని వైద్యుని అడుగవలెను. ఖర్చునకు వెనుదీయువారికి 1953లో వెలసిన చెన్నపురి ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. అరువది యేండ్లు నమలవలసిన పంటిని ఒక్క పూట బాధకు బలియిచ్చుట వ్యాపారదృష్టితో చూచినను నష్టమే.